కొన్న గాలి

మొన్న ఆదివారం మా మేనకోడలు మా ఇంటి మధ్యగదిలో చాప పరుచుకుని, కొరియరు కుర్రాళ్లు మూడు విడతలుగా తెచ్చి పడేసిన అట్టపెట్టెలన్నీ చుట్టూ పేర్చుకుని, తన కంప్యూటరు తానే బిగించుకుంటూ కూర్చుంది. టెక్కలిలో ఇంజనీరింగు చదువుతోంది. హాస్టలు గదిలో కాళ్లు చాపుకోవడానికే చోటు లేదని, బారువ దగ్గర వాళ్ల ఊళ్లో కరెంటు మీద నమ్మకం లేదని, ఈ పనికి పలాసలో మేనమామ ఇల్లే మేలని వచ్చింది. నా వంతు పనల్లా సెల్‌ఫోను దీపం పట్టుకుని నిలబడడం, అడిగినప్పుడు అడిగిన స్క్రూ అందించడం. మధ్యలో అరచెయ్యంత నల్లటి ఫ్యాను ఒకటి నా చేతిలో పెట్టి, దాని అంచు మీద బాణం గుర్తు ఉంటుంది, ఎటు చూపిస్తోందో చెప్పమంది. కళ్లజోడు సర్దుకుని చూశాను. నిజమే, గోటితో గీసినంత సన్నగా ప్లాస్టిక్కు మీద ఒక బాణం, గాలి ఎటు పోతుందో చెప్పే బాణం. ఇరవై ఏళ్ల కిందట ఇలాంటి ఫ్యానే నా చేతికి వచ్చిన రోజున దాని మీద కూడా ఇలాంటి గుర్తేదో ఉండే ఉంటుంది. నేను చూడలేదు. చూసినా నమ్మి ఉండేవాణ్ని కాను. అమ్మేవాడి సరుకు మీద రాసి ఉన్నదేదీ నమ్మకూడదని నేర్పిన ఇంట్లో పుట్టినవాణ్ని.

మాది కాశీబుగ్గ బజారులో జీడిపప్పు కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక పెరట్లో పాక. పాకలో ఆడవాళ్లు వరసగా కూర్చుని పప్పు మీది ఎర్రటి పొట్టు వలుస్తుంటే, ఆ పొట్టు గాలికి లేచి ఇంట్లోకి, కొట్లోకి, మేం తినే అన్నంలోకి కూడా వచ్చి వాలుతుండేది. నాన్న, పెదనాన్న కలిసి చేసే వ్యాపారం. నాన్నది తూకం, పెదనాన్నది నోరు. నాకు పెదనాన్న పోలిక వచ్చిందని ఇంట్లో సంతోషించారు గాని, ఆ సంతోషానికి ఖరీదు ఎవరు కట్టారో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మన ఈడువాళ్లకు కొసరు గురించి చెప్పక్కర్లేదు. వంకాయలు కొంటే కరివేపాకు రెబ్బ, ఎండుచేపలు కొంటే పైన ఒక గుప్పెడు, బట్ట కొంటే కొలత మీద ఇంకో నాలుగు వేళ్ల ముక్క. అడగనివాడు అమాయకుడు, ఇవ్వనివాడు పిసినారి. మా ఇంట్లో ఈ ఆచారం మరీ ముదిరిపోయింది. బేరం ధర దగ్గర ముగియదు, కొసరు దగ్గర ముగుస్తుంది అనేవాడు పెదనాన్న. ఆ పాఠం నాకు ఎంత బాగా ఒంటబట్టిందంటే, ఒకసారి చెప్పులు కొని కొసరుగా ఒక జత బూటుతాళ్లు పట్టుకొచ్చాను. మా ఇంట్లో బూట్లున్నవాడు ఒక్కడూ లేడు. ఆ తాళ్లు ఏళ్ల తరబడి దండెం మీద వేలాడుతుండేవి, నా తెలివికి తోరణంలాగ.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మా చెల్లెల్ని బారువ పక్కన ఉద్దానం ఊరొకదానికి ఇచ్చాం. చెల్లెలి మొగుడికి పెదనాన్న కొడుకు ఒకాయన ఉన్నాడు. వరసకు నాకు బావ. ఆయన నన్నూ బావా అనే పిలిచేవాడు. కొబ్బరితోటల మధ్య పుట్టి, విశాఖపట్నంలో కంప్యూటర్లు బిగించే పని నేర్చుకుని, తన వాటా తోటలో సగం అమ్మి పలాస బస్టాండు పక్క సందులో కొట్టు పెట్టాడు. బోర్డు మాత్రం కొట్టుకంటే పెద్దది. జనం వచ్చేవారు, గాజు తలుపు తోసుకుని లోపలి చల్లదనం చూసేవారు, మంచినీళ్లు తాగి వెళ్లిపోయేవారు. ఆ బజారులో కంప్యూటరు అవసరమైన వాళ్లంటే జీడిపప్పు వర్తకులే. మావాళ్లు ఎవరూ ముందు దిగరు, దిగినవాణ్ని చూసి దిగుతారు. కొత్త చుట్టరికం కనుక నాన్న ముందుకొచ్చాడు. తక్కిన నలుగురైదుగురు వర్తకులు మా కొట్టు బల్ల మీద కూర్చుని టీ తాగుతూ ఒక మాట అనుకున్నారు: మీ పొట్టులో, మీ ఎండలో ఈ పెట్టె ఒక్క వేసవి దాటితే మేమంతా మీ బావ దగ్గరే కొంటాం. అలా ఒక మనిషి కొట్టు నిలవడం, నిలవకపోవడం మా మధ్యగదిలో పెట్టిన ఒక పెట్టె మీద ఆధారపడింది. ఆ సంగతి బజారంతటికీ తెలుసు. అందరికంటే నాకు బాగా తెలుసు.

పెట్టెను మా ఇంట్లోనే, గోనెపట్టా పరిచి, నా కళ్లముందే బిగించాడు. గొప్ప శుభ్రమైన చెయ్యి. ఒక్కో ముక్క తీసేముందు గుడ్డకు చెయ్యి తుడుచుకునేవాడు. నేను పక్కన కూర్చుని కొసరు దగ్గరకు వచ్చాను. పెట్టెకు వెనక ఒక ఫ్యాను ఉంది, ముందు భాగంలో ఇంకో ఫ్యానుకు చోటు ఖాళీగా ఉంది.

"ఎనకాలొకటి సాలు బావా, ముందర లేకపోయినా నడుత్తాది," అన్నాడు.

"చోటు ఉంచేడంటే పెట్టమనే కదా బావా. మా సెల్లిని మీ ఇంటికిచ్చేం, ఒక ఫేనివ్వలేవేటి?"

నవ్వి సంచిలోంచి ఇంకో ఫ్యాను తీశాడు. వెనక ఫ్యాను వైరుకు చిన్న మూడు రంధ్రాల ప్లగ్గు. దాన్ని పెట్టె లోపలి బోర్డు మీదున్న మూడు సూదులకు తొడిగాడు. ముందు ఫ్యానుకు బోర్డు మీద చోటు లేదు కనుక, పెట్టెకు కరెంటు పంచే డబ్బాలోంచి వచ్చే పెద్ద ప్లగ్గుకూ దాని చిన్న ప్లగ్గుకూ మధ్య ఒక జోడింపు వైరు వేశాడు. ఆ జోడింపు వైరు ఇంకొకటి ఉంటే ఇచ్చెయ్యమన్నాను. ఎందుకన్నాడు. ఉంటే మంచిదే కదా అన్నాను. ఇచ్చాడు. వైర్లన్నీ ఒక పక్కకు దువ్వినట్టు సర్ది, తెల్లటి ప్లాస్టిక్కు పట్టీతో బిగించి, పెట్టె వీపు పెరటి కిటికీ వైపు ఉండేలా పెట్టి స్విచ్చి వేశాడు. నేను వెనక చెయ్యి పెట్టి చూశాను.

"ఇదేటి బావా, కొన్న గాలి కాస్తా పెరట్లోకి పోతంది?"

బావ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పడేలా నవ్వాడు. తరవాత చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. "ముందర చల్లగాలి తీసుకుంటాది, ఎనకనించి వేడి తోసేత్తాది. నువ్వూ అంతే కదా. పీల్సడమే గానీ వదలకపోతే పేలిపోవా?"

ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని లోపల నమ్మలేదు. కారణం అంత చక్కగా చెప్పేవాడి దగ్గర ఏదో దాగుంటుందని పెదనాన్న పాఠం. గాలి వెచ్చగా కిటికీలోంచి పోతుంటే, నా సొమ్ము ఎవరో దారిపోయేవాడికి పంచుతున్నట్టు ఉండేది నాకు.

వేసవి వచ్చింది. మా వైపు ఏప్రిల్ దాటిందంటే రేకుల కప్పు కింద పప్పు దానంతటదే వేగుతుందని హాస్యమాడుకునేవాళ్లం. పెట్టె పక్క రేకు మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. రెండుసార్లు పనిచేస్తూ పనిచేస్తూ ఆగిపోయింది. ఏ చిన్న తేడా వచ్చినా కబురు పెట్టమని బావ చెప్పే ఉన్నాడు. ఆయన కొట్టు మాకు పది నిమిషాల నడక. కబురు పెట్టలేదు. దానికి నేను చెప్పుకున్న కారణం ఎంత సొగసైనదో వినండి: వేసవి నడుమ బావ సంచి పట్టుకుని మా గుమ్మం ఎక్కితే వర్తకులు చూస్తారు, పెట్టె పాడైందనుకుంటారు, బావ పేరు పోతుంది; కాబట్టి ఆయన మేలు కోరి నేనే సరిచేస్తాను. మన తెలివి మనల్ని మోసం చేసేటప్పుడు ఎప్పుడూ ఇతరుల మేలు బట్టలే కట్టుకుని వస్తుంది.

ఒక మధ్యాహ్నం నాన్న భోజనం చేసి నడుం వాల్చినప్పుడు పక్క రేకు విప్పాను. ఉక్కపోస్తున్న మనిషికి గాలి మన వైపు తిప్పుతాం గాని వీధి వైపు తిప్పుతామా అనుకుంటూ వెనక ఫ్యాను నాలుగు స్క్రూలూ తీసి, దాన్ని వెనక్కి తిప్పి, గాలి లోపలికి కొట్టేలా బిగించాను. తెల్ల పట్టీ అడ్డమొస్తే బ్లేడుతో కోసేశాను. తిప్పేసరికి వైరు పొట్టిదై బోర్డు మీది సూదులకు అందలేదు. అప్పుడు గుర్తొచ్చింది, కొసరుగా రాబట్టిన రెండో జోడింపు వైరు. అది తొడిగితే కరెంటు డబ్బా ప్లగ్గుకు చక్కగా అందింది. ముందుచూపంటే ఇదీ అని నన్ను నేనే మెచ్చుకున్నాను. స్విచ్చి వేసి వెనక చెయ్యి పెట్టాను. గాలి బయటికి రావడం లేదు. కొన్నదంతా లోపలికే పోతోంది. ఆ రోజు అన్నం రుచిగా తిన్నాను కూడా.

రెండు ఫ్యాన్లూ లోపలికే కొడుతుంటే వేడికి దారేదీ అన్న ఆలోచన రాలేదు. పెట్టె వీపు పెరటి కిటికీకి ఆనుకుని ఉందని, ఆ కిటికీ అవతలే పాక అని, ఇప్పుడా ఫ్యాను పొట్టునంతా పిలిచి మరీ లోపలికి తెచ్చుకుంటోందని అసలే తోచలేదు. పది పన్నెండు రోజులకు ఒక ఉదయం చిన్న టప్పుమన్న చప్పుడు, కాలిన వాసన, ఆ తరవాత నల్లటి తెర.

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. కాని మా కొట్లో గల్లాపెట్టె వెనక ఒక అట్ట వేలాడుతుండేది, ముట్టుకున్న సరుకు వాపసు తీసుకోబడదని. ఆ ధర్మం మాకే తిరగబడుతుందని వెంటనే తట్టింది. బావకు కబురు పెట్టడానికి ముందే రేకు మళ్లీ విప్పాను. ఫ్యాను మునుపటిలాగ తిప్పేశాను. జోడింపు వైరు పీకి జేబులో వేసుకుని, చిన్న ప్లగ్గు బోర్డు సూదులకే తొడిగాను. పైకి కనబడే పొట్టు కుంచెతో ఊడ్చాను. కోసేసిన తెల్ల పట్టీ ఒక్కటే తిరిగి అతకదు కదా. చేతికి అందిన దారంతో వైర్లు కలిపి కట్టేసి మూత బిగించాను. అప్పుడు బావకు కబురు పంపాను. కొట్టు బల్లను మధ్యగదిలో వేయించి, ఆయన వచ్చే వేళకు వర్తకులు ఇద్దరు దాని మీద ఉండేలా టీ కూడా చెప్పాను. బేరానికి సాక్షులుంటే ఎదుటివాడు త్వరగా దిగుతాడు.

బావ వచ్చి అందరి ముందూ పెట్టె విప్పాడు. లోపల బోర్డు నడుమ ఉండే చిన్న ఫ్యాను కింద పొట్టు ఎర్రటి కంబళిలాగ పేరుకుని ఉంది. కొంచెం సేపు చూసి తలెత్తాడు.

"దీన్ని మద్దిలో ఎవలైనా ఇప్పేరేటి బావా?"

"నువ్వు మూసిన మూత నువ్వే తెరుత్తన్నావు. మాకేటి తెలుత్తాది బావా?" అన్నాను. గొంతు తొణకలేదు. అలాంటి గొంతు నాకు ఉన్నందుకు అప్పట్లో గర్వపడేవాణ్ని.

బావ మళ్లీ తల వంచి వైర్లు పక్కకు తీయబోయి ఆగాడు. ఆయన వేలు ఒక చోట నిలిచింది. ఆ వేలి కింద ఉన్నది నేను కట్టిన దారం, మా కొట్లో పొట్లాలు కట్టే తెల్లదారం. ముడి కూడా పొట్లం ముడే. రెండు చుట్లు, ఒక మడత, కొస కిందనుంచి లాగడం. చిన్నప్పటినుంచీ రోజుకు వందలు కట్టిన చేతులు నన్నడక్కుండానే ఆ ముడి వేసేశాయి. విశాఖపట్నంలో కంప్యూటరు పని నేర్చుకున్నవాడెవడూ అలాంటి ముడి వెయ్యడు. బావ నా ముఖం వైపు చూశాడు. కోపం లేదు. లెక్క తప్పిన పిల్లవాడిని పంతులు చూసినట్టు చూశాడు. తరవాత బల్ల మీదున్న మా నాన్నను చూశాడు. గుమ్మం దగ్గర, పండక్కి కాదు గాని ఊరికే నాలుగు రోజులుందామని వచ్చిన మా చెల్లెలు నిలబడి ఉంది, ఆమెనూ చూశాడు. జేబులోంచి చిన్న కత్తి తీసి దారం కోసి, దాన్ని ఉండలా చుట్టి జేబులో వేసుకున్నాడు.

"సరుకులోనే లోపం మావయ్యా. పూచీ నాది. మార్చేత్తాను," అన్నాడు మా నాన్నతో.

బల్ల మీది వర్తకుల్లో ఒకాయన టీ గ్లాసు కింద పెట్టి, "ఈ గదిలోనే ఇలగైతే మా జీడిబట్టీ సెగ కాడ ఏటవుతాది నాయినా," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. బావ పెట్టెను రిక్షాలో వేయించుకుని వెళ్లిపోయాడు.

వారం తరవాత కొత్త బోర్డుతో తెచ్చి అదే కిటికీ దగ్గర పెట్టాడు. గదిలో ఇద్దరమే ఉన్నాం. స్విచ్చి వేసి, నా చెయ్యి పట్టుకుని పెట్టె వెనక పెట్టి, గాలి ఎటు పోతోందని అడిగాడు. బయటికన్నాను. అలాగే ఉండనీ అన్నాడు. అంతే. ఆ తరవాత ఇన్నేళ్లలో దాని గురించి ఒక్క మాట మా మధ్య రాలేదు.

ఇంతవరకూ చెప్పింది నేనాడిన అబద్ధం సంగతి. అసలు పాపం దీని తరవాతిది. కొత్త బోర్డు పైసా ఇవ్వకుండా ఎలా రాబట్టానో బజారులో నేను కథగా చెప్పుకున్నాను. టీ కొట్టు దగ్గర, రైల్వే స్టేషనులో, జీడిపిక్కలు కొనడానికి పల్లెలకు వెళ్లినప్పుడు. బావ ముఖం ఎలా పెట్టాడో అభినయించి మరీ చూపేవాణ్ని. వినేవాళ్లు నా గడుసుదనానికి నవ్వేవారు, మనసులో మాత్రం ఒక్కటే రాసుకునేవారు: ఆయన సరుకు కాలిపోతుంది. వర్తకులు వానలకు ముందే శ్రీకాకుళం వెళ్లి పెట్టెలు తెచ్చుకున్నారు. వానలు వెలిసేసరికి బస్టాండు సందులోని గాజు తలుపుకు తాళం పడింది. మా పెట్టె మాత్రం ఏడేళ్లు నడిచింది, గాలి బయటికి వదులుతూ.

బావ ఊరికి వెళ్లి మిగిలిన సగం తోట చూసుకున్నాడు. మోటార్లు, టీవీలు, ఊళ్లోవాళ్లవి ఏవి చెడితే అవి బాగుచేసేవాడు. కొట్టు మీది ఆ పెద్ద బోర్డు వాళ్ల కొబ్బరిపాకకు తలుపైంది. చెల్లెలింటికి వెళ్లినప్పుడల్లా సగం చెరిగిన ఆ అక్షరాలు నన్ను చదువుతుండేవి. ఒకసారి, మేనకోడలి మొదటి పుట్టినరోజున అనుకుంటాను, ఆ తలుపు పక్కన ఇద్దరం కూర్చున్నప్పుడు చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాను. బావ బొండం కొట్టి చేతిలో పెట్టి, "తాగు బావా, సల్లగుంటాది," అన్నాడు. తాగాను. తియ్యగా ఉంది. లేచి వచ్చేశాను.

మొన్న మేనకోడలు ఫ్యాన్లన్నీ బిగించి, ఒక్కో వైరు దాని చోట తొడిగి, స్విచ్చి వేసి, నా చెయ్యి పట్టుకుని పెట్టె వెనక పెట్టింది. వెచ్చటి గాలి తగిలి ఒక్కసారి ఉలిక్కిపడ్డాను. ఇది ఎవరు నేర్పారని అడిగాను.

"పెదనాన్నే మావా. బిగించీక ముందుగాల అరసెయ్యి పెట్టి సూడమంటాడు. కొన్న గాలి బయటికి పోతందని ఏడిసీవోల్లుంటారు, ఆల్ల మాట ఇనొద్దంటాడు."

"ఎవరంట అలా ఏడిసింది?"

"ఎవరో పాత ఖాతాదారంట. పేరు సెప్పడు. మంచోడేనంట గానీ గాలిని కూడా తూకమేసీ రకమంట."

ఆయన ఇరవై ఏళ్లుగా నా మాటను ఊళ్లో పిల్లలకు పాఠంగా చెబుతూ, పేరు మాత్రం చెప్పలేదు. పైగా మంచివాడేనని ఒక మాట కలిపాడు. ఆ ఏడ్చినవాణ్ని నేనే అని చెప్పేశాను. ఫ్యాను తిప్పింది, మళ్లీ తిప్పేసింది, బల్ల మీద అబద్ధమాడింది, అన్నీ చెప్పాను. పిల్ల పడీపడీ నవ్వింది. "నీకిది అలవాటే కదా మావా, ఏ ఎదవ పని కథ సెప్పినా నానే సేసేనంటావు," అంది. జీవితమంతా నన్ను నేనే వెక్కిరించుకుంటూ నలుగురినీ నవ్వించినవాడికి ఇదొక శిక్ష. నిజంగా తప్పు ఒప్పుకున్న రోజున కూడా హాస్యమనే అనుకుంటారు. అందుకే కాగితం మీద పెట్టాను. ఇది అచ్చయ్యాక మొదటి ప్రతి బారువ బస్సులో నేనే పట్టుకెళ్లి, ఆ కొబ్బరిపాక తలుపు దగ్గర కూర్చుని, ఈసారి బొండం ఇచ్చినా తాగకుండా, బావ చేతిలో పెడతాను.

మేనకోడలికి వచ్చిన ఫ్యాన్లలో ఒకటి రెక్క విరిగి వచ్చింది. ఫోనుతో ఫొటో తీసి పంపింది. మూడోనాటికి కొత్తది గుమ్మంలో ఉంది. ఎవరు విప్పారని ఎవరూ అడగలేదు, బల్ల మీద ఎవరూ టీ తాగలేదు, ఒక్క వేసవి మీద ఎవరి కొట్టూ వేలాడలేదు. ఈ పద్ధతి అప్పుడే ఉంటే బావ కొట్టు పెట్టేవాడూ కాదు, తోట మొత్తం మిగిలేది. అది తలచుకున్నప్పుడు ఈ కాలమే మేలనిపిస్తుంది. కాని ఆ అట్టపెట్టెలు పంపినవాడి ముఖం మేనకోడలికి తెలియదు, ఈమె ముఖం వాడికి తెలియదు. ఇందులో అబద్ధమాడినా ముఖం చూసి ఆడక్కర్లేదు, ముడి పట్టుకున్నా కోసి జేబులో దాచేవాడూ లేడు. పెట్టెలన్నీ విప్పి చూశాం, ఎందులోనూ కొసరు లేదు. నా జన్మలో నేను అడక్కుండా దొరికిన కొసరు ఆ రోజు బావ జేబులోకి పోయిన మూరెడు దారం ఒక్కటే. బేరాలన్నీ నెగ్గినవాణ్ని, దానికి మాత్రం ఇప్పటికీ ధర కట్టలేకపోతున్నాను.